పాత పార్కులో మెటల్ డిటెక్టర్: అనుమతి అడగడం నుంచి గడ్డి పూడ్చడం దాకా

మూడేళ్ల కిందట మా తెలుగువాళ్ల వేసవి పిక్నిక్‌లో ఒకావిడ మెళ్లో మంగళసూత్రం గొలుసు తెగి గడ్డిలో పడిపోయింది. సన్నటి గొలుసు, దానికి రెండు పుస్తెలు. పిల్లా పెద్దా అందరం మోకాళ్ల మీద కూర్చుని చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు. ఆవిడ ఏడుపు చూడలేకపోయాం. మర్నాడు పొద్దున పార్కు ఆఫీసులో అడిగి, మెటల్ డిటెక్టర్ ఉన్న ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన గంటలోపే తీసిచ్చాడు. ఒక్క చోట కూడా తవ్వలేదు. గొలుసు గడ్డి వేళ్ల మధ్య ఇరుక్కుని ఉంది, అంతే. "మెషిన్‌కి మీ గొలుసు వినపడలేదు, ఆ రెండు బిళ్ళలు వినపడ్డాయి" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. అప్పటి నుంచి నేనూ నేర్చుకుంటున్నాను. నేనుండేది అమెరికాలో, మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ దగ్గర. ఇక్కడి పాత పార్కుల్లో ఈ పని ఎలా మొదలుపెట్టాలో, మిగతా ఊళ్లలో ఉన్న మనవాళ్లకు కూడా పనికొచ్చేలా రాస్తున్నాను. చదివే ముందు ఒక్క విషయం ఒప్పుకోండి: పార్కు మనది కాదు, ఊరందరిదీ. మీరు లేచి వెళ్లాక అక్కడ ఎవరో తవ్వారని ఎవరికీ తెలియకూడదు. కింద చెప్పేవన్నీ దానికోసమే.

మొదట నేల ఎవరిదో కనుక్కోండి

చూడ్డానికి అన్ని పార్కులూ ఒకేలా ఉంటాయి. చట్టం దృష్టిలో మాత్రం వాటికీ వీటికీ చాలా తేడా. సెయింట్ లూయిస్‌నే తీసుకోండి. నది ఒడ్డున ఆర్చ్ అనే ఎత్తైన ఉక్కు తోరణం చుట్టూ ఉన్న పచ్చిక ఊరి పార్కులాగే కనిపిస్తుంది. కానీ అది గేట్‌వే ఆర్చ్ నేషనల్ పార్క్, అంటే ఫెడరల్ ప్రభుత్వపు భూమి. నేషనల్ పార్క్ సర్వీస్ నేలలో మెటల్ డిటెక్టర్ వాడటమే కాదు, విప్పి చేతిలో పట్టుకుని తిరిగినా నేరమే. అక్కడి నుంచి కొద్ది మైళ్లు పడమరకు వెళ్తే ఫారెస్ట్ పార్క్ వస్తుంది. అది నగరానిది. దాని సంగతి నగర పార్కుల విభాగాన్ని అడగాలి. ఇంకో పది నిమిషాలు డ్రైవ్ చేస్తే కౌంటీ పార్కు, ఆ పక్కనే చిన్న మునిసిపాలిటీ పార్కు. ఒక్కొక్కరిదీ ఒక్కో రూలు.

వాషింగ్టన్‌లో ఉన్నవాళ్లకు నేషనల్ మాల్, రాక్ క్రీక్ పార్క్ రెండూ ఫెడరల్ నేలే. ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్ చుట్టుపక్కల, శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో కూడా అంతే. వీటిలో అడగాల్సిన పనే లేదు, కుదరదు. పైగా ఫెడరల్ భూమిలోనూ, మూలవాసి తెగల భూమిలోనూ వందేళ్లు దాటిన పురావస్తువుల్ని అనుమతి లేకుండా తవ్వి తీయడం 1979 నాటి చట్టం ప్రకారం వేరే నేరం.

ఊరి పార్కుల్లో మూడు రకాల రూళ్లు కనిపిస్తాయి. కొన్ని ఊళ్లు పర్మిట్ ఇస్తాయి. న్యూయార్క్ నగర పార్కుల్లో పర్మిట్ లేకుండా మెషిన్ తీయకూడదు, పర్మిట్ ఉన్నా అన్ని పార్కుల్లోనూ కుదరదు. కొన్ని ఊళ్లు పిల్లల ఆట స్థలాల ఇసుకలో, బీచ్‌లో మాత్రమే ఒప్పుకుంటాయి. కొన్ని పూర్తిగా వద్దంటాయి. పార్కు చారిత్రక స్థలాల జాబితాలో ఉంటే వద్దనే అవకాశం ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఎవరో "మేం వెళ్లాం, ఏం కాలేదు" అని రాశారని నమ్మి వెళ్లకండి. వాళ్లను ఎవరూ చూడలేదంతే, అనుమతి ఉన్నట్టు కాదు.

పార్కుల విభాగానికి మెయిల్ రాయండి, ఫోన్ ఒక్కటే చాలదు. ఫోన్‌లో "ఫర్వాలేదు" అన్న మనిషి మర్నాడు డ్యూటీలో ఉండకపోవచ్చు. మెయిల్‌లో మీ పేరు, ఏ పార్కు, ఏ నెలల్లో, ఏ పనిముట్టుతో, ఎంత లోతు వరకు అన్నది స్పష్టంగా రాయండి. "పాతకాలపు వస్తువు ఏది దొరికినా మీకు చూపిస్తాను, ఆటల మైదానాల్లోకి, పూల మడుల్లోకి వెళ్లను, గడ్డి ఎండిపోయిన వారాల్లో అసలు రాను" అని కూడా చేర్చండి. నాకు మొదటి జవాబు "వద్దు" అని వచ్చింది. రెండోసారి ఈ వాక్యాలు చేర్చి, ఒకే ఒక్క పార్కు కోసం, రెండు నెలలకు మాత్రమే అడిగాను. ఇచ్చారు. ఆ కాగితం ప్రింటు తీసి ఎప్పుడూ జేబులోనే ఉంచుకుంటాను.

ఇండియాలో ఉన్న చదువరులకు

ఇక్కడ ఒక్కసారి ఆగి ఇండియా సంగతి చెప్పాలి. నేను ఈ పని చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి ఊళ్లో చుట్టాలు, స్నేహితులు "ఆ మెషిన్ ఒకటి పంపించరాదూ" అని అడుగుతున్నారు. పంపను. మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న వస్తువు పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. గోల్కొండ, వరంగల్ కోట లాంటి రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి లేకుండా తవ్వకాలు చేయకూడదు. గుప్తనిధుల ఆశతో పాత గుళ్లలో నంది విగ్రహాలను పెకిలించి, గర్భగుడి నేల పగలగొట్టిన వార్తలు తెలుగు పేపర్లలో ఎన్ని చూశాం! అక్కడ ఏ నిధీ దొరకదు. పోయేది మాత్రం ఏడెనిమిది వందల ఏళ్ల నాటి రాయి. ఆ పనికి ఈ వ్యాసం నుంచి ఒక్క ముక్క కూడా వాడొద్దని మిమ్మల్ని అడుగుతున్నాను.

మెషిన్ కంటే ముందు మ్యాపు

అనుమతి కోసం ఎదురుచూసే రెండు మూడు వారాలు వృథా చేయకండి. అసలు పని సగం ఇప్పుడే జరుగుతుంది, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని.

మీకు తెలుసుకోవలసింది ఒక్కటే: వందేళ్ల కిందట ఈ పార్కులో జనం ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ జేబులో చెయ్యి పెట్టారు? అమెరికా భౌగోళిక సర్వే సంస్థ 1880ల నుంచి గీసిన పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో శాన్‌బోర్న్ మ్యాపులు ఉంటాయి. అవి అగ్ని ప్రమాద బీమా కంపెనీల కోసం గీసినవి, అందుకే ఒక్కో కట్టడం ఇటుకదా చెక్కదా అన్నది కూడా రంగుల్లో తెలుస్తుంది. అదే లైబ్రరీలో పాత వార్తాపత్రికలు కూడా స్కాన్ చేసి పెట్టారు. పార్కు పేరు కొట్టి వెతకండి. "ఆదివారం బ్యాండ్ కచేరీ", "కొత్త ట్రామ్ స్టాపు", "మంచులో జారే పోటీలు" లాంటి చిన్న వార్తలే మనకు కావలసినవి.

మంచులో జారే గుట్టలు చూసి చాలామంది దాటిపోతారు, కానీ అవి మంచి చోట్లు. పిల్లలు చెక్క బండి మీద గుట్ట పైనుంచి జారి బోర్లా పడతారు, జేబులో చిల్లర మంచులో పడుతుంది, మంచు కరిగాక గడ్డిలోకి దిగిపోతుంది. గుట్ట పైభాగం కంటే కింద, వాలు ఆగే చోట చూడండి. బ్యాండ్ వేదిక చుట్టూ, పాత మంచినీళ్ల కుళాయి దగ్గర, ఇప్పుడు మూసేసిన గేటు దగ్గర, నూరేళ్ల వయసున్న ఓక్ చెట్ల నీడ అంచుల్లో కూడా. చెట్టు మొదట్లో వద్దు, వేళ్లు తెగుతాయి.

మ్యాపు చూడటానికి ఇంకో కారణం ఉంది. కొన్ని చోట్ల ఆనాటి నేల ఈనాడు అసలు అక్కడ లేదు. ఫారెస్ట్ పార్క్ చరిత్ర చదివితే ఇది బాగా తెలుస్తుంది. 1876లో తెరిచిన ఈ పార్కు సుమారు 1,300 ఎకరాలు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కంటే పెద్దది. 1904లో ప్రపంచ ప్రదర్శన దీని పడమటి సగంలో జరిగింది. ఏప్రిల్ 30 నుంచి డిసెంబర్ 1 దాకా కోటీ తొంభై లక్షలకు పైగా సందర్శనలు. మనలాంటి వాళ్లకు ఆ అంకె వినగానే నోరూరుతుంది, ఎన్ని జేబులు, ఎంత చిల్లర అని! కానీ ఆ ప్రదర్శన కోసం పార్కులో పారే డెపేర్ నదిని మళ్లించి కప్పేశారు, గుట్టలు చదును చేశారు, ప్లాస్టర్‌తో మహాభవనాలు కట్టి తర్వాత కూల్చేశారు. ఇప్పుడు ఆర్ట్ మ్యూజియంగా ఉన్న భవనం, జంతు ప్రదర్శనశాలలోని పక్షుల పంజరం లాంటివి కొన్నే మిగిలాయి. అలా తిరగదోడిన నేలలో ఏది ఎంత లోతున ఉందో పైనుంచి ఊహించలేం. నింపిన మట్టి కింద రెండడుగుల లోతున ఉన్న నాణెం మన మెషిన్‌కు అందదు, అందినా అంత లోతు పార్కులో తవ్వకూడదు.

ఆ పార్కు కథల్లో నాకు బాగా ఇష్టమైనది ఒకటి ఉంది. 1893 చికాగో ప్రదర్శన కోసం కట్టిన మొట్టమొదటి ఫెర్రిస్ చక్రాన్ని (మనం జెయింట్ వీల్ అంటాం) విప్పి 1904లో ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. 264 అడుగుల ఎత్తు. 1906లో డైనమైట్ పెట్టి పడగొట్టారు. దాని ఇరుసు ఒక్కటే సుమారు 45 టన్నులు. తుక్కు కింద అమ్మేశారని కొందరంటారు, మోయలేక అక్కడే పాతిపెట్టారని కొందరంటారు. నూటఇరవై ఏళ్లుగా ఊళ్లో ఆ మాట నడుస్తూనే ఉంది. ఆ వైపు వెళ్లినప్పుడల్లా నా కాళ్ల కింద ఉందేమో అనుకుంటాను.

మెషిన్ ఎంచుకోవడం

దీనికి ఎక్కువ టెన్షన్ పడనక్కర్లేదు. మొదటిసారి కొనేవాళ్లకు 250 నుంచి 400 డాలర్ల మధ్య గారెట్ లేదా మైన్‌ల్యాబ్ కంపెనీల మెషిన్ ఏదైనా చాలు. దానికంటే ముఖ్యమైనది పిన్‌పాయింటర్: పెద్ద టార్చిలైటు సైజులో ఉండి, వస్తువుకు దగ్గరయ్యేకొద్దీ గట్టిగా మోగుతుంది. ఇది లేకుండా పార్కులో తవ్వొద్దు. పిన్‌పాయింటర్ లేనివాళ్ల గొయ్యి రెండింతలు పెద్దదవుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, పక్కన నడిచేవాళ్లకు ఆ కీచుమనే మోత చిరాకు. చేతికి మందపాటి గ్లవ్స్, ఎందుకంటే గడ్డిలో గాజు పెంకులు, ఒక్కోసారి సూదులు కూడా ఉంటాయి. మన్ను పోయడానికి ఒక పాత తువ్వాలు, చెత్త వేసుకోవడానికి నడుముకు ఒక సంచి. తవ్వడానికి పళ్లున్న సన్నటి బొరిగె. పొడుగు కర్ర పార తీసుకెళ్తే అనుమతి ఉన్నా సరే చూసినవాళ్లు ఫోన్ చేస్తారు, చేయాలి కూడా.

ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెప్తాను, తర్వాత చెప్పబోయేవి అర్థం కావడానికి. కింద గుండ్రంగా ఉండే కాయిల్‌లో కరెంటు నిమిషానికి కాదు, సెకనుకు వేల సార్లు దిశ మారుతూ ఉంటుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, లోహం తగిలితే అందులో చిన్న చిన్న సుడుల్లా కరెంటు పుట్టిస్తుంది. ఆ సుడుల నుంచి తిరిగి వచ్చే సంకేతాన్ని కాయిల్‌లోని రెండో చుట్ట పట్టుకుంటుంది. వెండి, రాగి లాంటివి కరెంటును బాగా నడిపిస్తాయి కాబట్టి వాటి సంకేతం ఒకలా వస్తుంది, సీసా మూత ఇనుముది ఇంకోలా. ఆ తేడానే మెషిన్ తెర మీద ఒక అంకెగా చూపిస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, ఒంట్లో గుండు ఎక్కడుందో కనుక్కోవడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రాన్నే తయారుచేసి తీసుకొచ్చాడు. గుండు దొరకలేదు. పరుపులో ఉన్న లోహపు స్ప్రింగులు కూడా అడ్డుపడ్డాయని చెప్తారు. మన పార్కుల్లో ఆ స్ప్రింగుల పని దీపస్తంభాలకు వేసిన భూగర్భ కేబుళ్లు చేస్తాయి. మెషిన్ అకారణంగా వాగుతుంటే సెన్సిటివిటీ తగ్గించండి, తగ్గకపోతే అక్కడ నుంచి జరిగిపోండి. కేబుల్ ఉన్న చోట ఎలాగూ తవ్వకూడదు.

ఇంట్లో వినడం నేర్చుకోండి

మెషిన్ వచ్చిన రోజే పార్కుకు పరిగెత్తొద్దు. ఇంట్లో లోహం లేని చెక్క బల్ల మీద రకరకాల వస్తువులు ఒక్కొక్కటీ పెట్టి, కాయిల్ పైనుంచి ఊపుతూ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. అయిదు సెంట్ల నికెల్, ఒక సెంటు జింకు పెన్నీ, రాగి పెన్నీ, పది సెంట్ల డైమ్, పాతిక సెంట్ల క్వార్టర్, సోడా డబ్బా మూత రింగు, సీసా మూత, మేకు, సిగరెట్ పెట్టెలోని రేకు. తర్వాత ఇంట్లో నగలు కూడా పెట్టి చూడండి. మన నగల సంగతి ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు.

నేను చూసినది చెప్తాను. ఇక్కడివాళ్లు ఎక్కువగా పెట్టుకునే 14 క్యారెట్ల ఉంగరంలో బంగారం 58 శాతం, మన 22 క్యారెట్లలో 91 శాతం పైన. అందుకే అదే సైజు ఉంగరం మనదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. వెండి మెట్టె చిన్నదైనా స్పష్టంగా మోగుతుంది. పుస్తెలు బాగా మోగుతాయి. సన్నటి గొలుసు, నల్లపూసలు మాత్రం దాదాపు వినపడవు. ఎందుకంటే సుడి తిరగడానికి కరెంటుకు ఒక నిండు ముక్క కావాలి. గొలుసులో ఒక్కో లంకె విడివిడిగా ఉంటుంది కాబట్టి మెషిన్ దాన్ని అతి చిన్న ముక్కల వరుసలాగే చూస్తుంది. గొలుసు పోయిందని ఎవరైనా పిలిస్తే మొదట అడగాల్సిన ప్రశ్న: "దానికి లాకెట్ ఉందా, కొక్కెం ఎంత పెద్దది?" పెద్దాయన ఆ రోజు అడిగింది కూడా అదే.

బంగారానికి ఒక చిక్కుంది. ఉంగరం అంకె, నికెల్ అంకె, అల్యూమినియం మూత రింగు అంకె పక్కపక్కనే వస్తాయి. మెషిన్ వాటిని విడదీయలేదు. 1960ల మొదట్లో వచ్చిన ఈ పీకి పారేసే రింగులు 1970ల చివరికి పోయాయి, డబ్బాకే అంటుకుని ఉండే మూతలు వచ్చాయి. కానీ అప్పటికే లక్షల కొద్దీ రింగులు పార్కుల్లో పడిపోయాయి. ఒక విధంగా అవి గుర్తులే. బెత్తెడు లోతున రింగు దొరికితే, దాని కింద ఉన్నది బహుశా దానికంటే పాతది.

కొందరు జింకు పెన్నీ అంకె వస్తే దాటిపోమని చెప్తారు. 1982 నుంచి 2025 దాకా చలామణికి వచ్చిన పెన్నీలు లోపల జింకు, పైన రాగి పూత. మట్టిలో కుళ్లిపోయి చిల్లులు పడతాయి, తీసినా లాభం లేదు. కానీ 1909కి ముందు వచ్చిన, ఈకల తలపాగా బొమ్మ ఉన్న ఇండియన్ హెడ్ పెన్నీ కూడా దాదాపు అదే అంకె చూపిస్తుంది. లోతు చూపించే గీత కూడా గమనించండి: పైపైనే ఉంటే కొత్తది, అయిదంగుళాలకు మించి చూపిస్తే ఆగి ఆలోచించండి.

మొదటి పది రోజులు పిల్లల ఆట స్థలంలో చెక్కపొట్టు మీదే సాధన చేయండి, అక్కడ అనుమతి ఉంటే. పొట్టు పక్కకు జరిపి మళ్లీ సర్దితే సరిపోతుంది, గడ్డికి దెబ్బ ఉండదు. మోగినవన్నీ తవ్వి నేర్చుకోవాలంటే అది చోటు. పచ్చిక మీద అలా చేయకండి. పచ్చికలో ప్రతి గొయ్యికీ ఒక ఖర్చుంది.

నడక

కాయిల్‌ను నేలకు అంగుళం ఎత్తులో, సమాంతరంగా ఉంచి నెమ్మదిగా ఊపండి. చాలామంది చివర్లలో పైకి లేపుతారు, ఊడ్చే చీపురులాగా. లేపిన చోట లోతు పోతుంది. ఒక ఊపుకూ ఇంకో ఊపుకూ సగం సగం కలవాలి. ఒక వరుస పూర్తయ్యాక అదే చోటును అడ్డంగా మళ్లీ నడవండి. నేలలో నిలువుగా నిలబడ్డ నాణెం ఒక వైపు నుంచి దొరక్క ఇంకో వైపు నుంచి దొరుకుతుంది. వాన పడిన మర్నాడు మంచి రోజు, మట్టి మెత్తగా ఉండి గడ్డి పెళ్ల విరగకుండా వస్తుంది.

తవ్వడం

ఇక్కడ తొందరపడకుండా చదవండి.

మోగిన చోటును రెండు దిశల్లో దాటి, రెండు గీతలు కలిసే బిందువు గుర్తుపెట్టుకోండి. వంగి, ముందు గడ్డి మీదే పిన్‌పాయింటర్ ఆనించండి. అది మోగితే వస్తువు రెండంగుళాల లోపే ఉంది. అప్పుడు బొరిగె అక్కర్లేదు. మొండి స్క్రూడ్రైవర్‌తో గడ్డిని కొద్దిగా విడదీసి, వస్తువును పక్క నుంచి పైకి నెడితే చాలు. పార్కులో మనకు దొరికే వాటిలో చాలా భాగం ఇలాగే వస్తాయి.

మోగకపోతే తువ్వాలు పరచండి. బిందువు చుట్టూ అరచేతి వెడల్పున మూడు వైపులే కోయండి, గుర్రపు లాడం ఆకారంలో. నాలుగో వైపు వేళ్లు అలాగే ఉండాలి, తలుపు బందులాగా. మూడు నాలుగు అంగుళాల లోతు కోస్తే వేళ్లతో సహా పెళ్ల మొత్తం లేస్తుంది. దాన్ని విరగకుండా వెనక్కి మడవండి. ముందు ఆ పెళ్ల అడుగు భాగానికి పిన్‌పాయింటర్ పెట్టండి, సగం సార్లు వస్తువు అక్కడే అంటుకుని ఉంటుంది. లేకపోతే గుంటలో వెతకండి. పొడి మట్టి ప్రతి గుప్పెడూ తువ్వాలు మీదే పడాలి, గడ్డి మీద కాదు. గడ్డి మీద పడిన మట్టి తిరిగి గుంటలోకి రాదు, అందుకే పూడ్చాక పల్లంగా ఉంటుంది.

ఆరంగుళాలు దిగాక కూడా కనపడకపోతే వదిలేయండి. నాకు ఇది నేర్చుకోవడం కష్టమైంది. ఇంకొక్క అంగుళం, ఇంకొక్క అంగుళం అనిపిస్తుంది. పార్కులో అక్కడితో ఆపాలి.

వస్తువు దొరికాక గుంటను మళ్లీ ఒకసారి వినండి, రెండోది ఉండొచ్చు. తర్వాత తువ్వాలు ఎత్తి మట్టి మొత్తం గుంటలోకి వంచండి, పెళ్ల మూయండి, కాలితో గట్టిగా అదమండి, వంగిపోయిన గడ్డిని వేళ్లతో లేపండి. మీ సీసాలో నీళ్లు కొంచెం అంచుల వెంట పోయండి. చెత్తే దొరికినా, అది రింగైనా రేకైనా, మళ్లీ పాతిపెట్టకుండా సంచిలో వేసుకోండి.

మొదటి ఏడాది నేను ఇలా చేయలేదు. జూలై ఎండల్లో, వానలు లేని పది రోజుల తర్వాత, పెళ్లల్ని గుండ్రంగా పూర్తిగా కోసి తీశాను. మూసినప్పుడు చక్కగానే కనిపించాయి. వారం తర్వాత వెళ్తే పచ్చికలో పదకొండు గోధుమరంగు బిళ్ళలు. వేళ్లు నాలుగు వైపులా తెగడంతో ఆ గడ్డి ఎండి చచ్చిపోయింది. అక్కడ పనిచేసే తోటమాలి నాతో కోపంగా ఏమీ అనలేదు, "ఇవి మావాళ్లు మళ్లీ నాటాలి" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సెప్టెంబర్‌లో వెళ్లి విత్తనం చల్లి, నెల రోజులు నీళ్లు పోశాను. అప్పటి నుంచి జూలై, ఆగస్టులో మెషిన్ గరాజ్‌లోనే ఉంటుంది.

దొరికినవాటిని ఏం చేయాలి

1964 వరకు వచ్చిన డైమ్, క్వార్టర్ 90 శాతం వెండి. మట్టిలోంచి తెల్లగా మెరుస్తూ వస్తాయి, చూసినప్పుడు గుండె ఆగినట్టవుతుంది. రుద్దకండి. మంచినీళ్లలో ముంచి, ఆరనిచ్చి, మెత్తటి కాగితంలో పెట్టండి. చొక్కాకు రుద్ది తుడిస్తే సన్నటి గీతలు పడి నాణెం పోయినట్టే. రాగి ఆకుపచ్చగా, నికెల్ ఎర్రగా మసకబారి వస్తాయి, వాటినీ అలాగే ఉంచండి.

ఒక నోటుబుక్‌లో తేదీ, చోటు, లోతు, తెర మీద అంకె రాయండి, ఫోన్‌తో ఫొటో తీయండి. నాణెం ఒక్కటే అయితే దాని విలువ కొన్ని డాలర్లు. బ్యాండ్ వేదికకు తూర్పున పది అడుగుల దూరంలో, అయిదంగుళాల లోతున దొరికిన నాణెం అయితే ఆ పార్కు చరిత్రలో ఒక వాక్యం. ఏడాది చివర నా జాబితా పార్కు ఆఫీసుకు పంపించాను. రెండో ఏడాది పర్మిట్ అడగకుండానే పొడిగించారు.

ఉంగరం మీద పేరో, స్కూలు పేరో, సంవత్సరమో ఉంటే అది మీది కాదు, ఎవరో పోగొట్టుకున్నది. ఇక్కడి హైస్కూలు ఉంగరాల మీద సంవత్సరం, తరచుగా పేరు మొదటి అక్షరాలు ఉంటాయి. స్కూలుకు ఫోన్ చేస్తే మనిషి దొరుకుతాడు. విలువైన కొత్త వస్తువు దొరికితే పార్కు ఆఫీసుకో పోలీసులకో చెప్పండి.

వెంటనే ఆపేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎముక కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి. చాలా పాత పార్కులు ఒకప్పుడు శ్మశానాలు, చికాగో లింకన్ పార్క్ దక్షిణ భాగం అలాంటిదే. గుండు లాంటిది పెద్దదిగా, బరువుగా, పైన మూతలాంటిది ఉన్నట్టు కనిపిస్తే అది పేలని ఫిరంగి గుండు కావచ్చు. వెనక్కి నడిచి అత్యవసర నంబరు 911కి చెప్పండి. రాతి బాణపు ములుకులు, మట్టి పెంకులు, ఒకే చోట ఎన్నో బొత్తాలు కనిపిస్తే ఆ గుంట మూసేసి, చోటు రాసుకుని, పార్కుకూ రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికీ తెలపండి. ఆ పని పురావస్తు శాస్త్రవేత్తలది, మన బొరిగెది కాదు.

ఎవరైనా దగ్గరికొచ్చి "ఏం చేస్తున్నారు?" అంటే హెడ్‌ఫోన్స్ తీసేసి, లేచి నిలబడి మాట్లాడండి. పర్మిట్ చూపించండి, మూసిన గుంట ఎక్కడుందో వాళ్లనే కనిపెట్టమనండి. పిల్లలు వస్తే వాళ్ల చేతికి పిన్‌పాయింటర్ ఇవ్వండి.

వారం తర్వాత మళ్లీ ఆ చోటికి వెళ్లండి. ఆ రోజు మెషిన్ వద్దు, నోటుబుక్, నీళ్ల సీసా చాలు. రాసుకున్న ప్రతి గుంట దగ్గరా వంగి చూడండి. అంచులు పసుపు రంగులోకి తిరిగితే నీళ్లు పోసి, మళ్లీ రెండు రోజుల్లో రండి.